పేరు గీకేసిన కాసెట్టు

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు కాబట్టి లెక్కప్రకారం నేను ఎం.ఏ. చదివినవాణ్ణని మా ముక్తేశ్వరం రేవులో గోదారి దాటించే పంటు కోసం నిలబడ్డవాళ్ళందరికీ చెబుతుంటాను. రెండుసార్లూ తప్పింది లెక్కల్లోనే అన్న సంగతి మాత్రం చెప్పను. ఆ లెక్కలు చెప్పిన జాన్ మాస్టారు చివరికి నన్ను పిలిచి, "మూడోసారి కూర్చుంటానన్నా నాకేం అభ్యంతరం లేదురా వీరబాబూ, బెంచీయే ఒప్పుకునేలా లేదు" అన్నారు. మర్నాటి నుంచి బెంచీకి ఆ ఇబ్బంది లేకుండా చేశాను. ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. ఈమధ్య తేలిందేమిటంటే, నా బతుకులో ముఖ్యమైన లెక్క ఒకటి కూడా నేను తప్పే చేశాను. దానికి సున్నా మాత్రం మాస్టారి అబ్బాయి పెట్టించుకున్నాడు.

పోయిన నెలలో మాస్టారి పెద్దమ్మాయి సువార్తక్క ఇంగ్లండు నుంచి వచ్చారు. నర్సుగా ముందు కువైట్లో, తర్వాత ఇంగ్లండులో ఏళ్ళతరబడి చేసి రిటైరయ్యారు. మనవలకి గోదావరి చూపించాలని దిండిలో హౌస్‌బోటు తీసుకున్నారట. ఈ గోదాట్లోనే పడిలేచి పెరిగినవాళ్ళం, దాన్ని కిటికీలోంచి చూడ్డానికి ఇప్పుడు గది పుచ్చుకోవాల్సి వచ్చిందని నవ్వుకున్నాను. మా ఆవిడ కట్టిచ్చిన పూతరేకుల పెట్టె పట్టుకుని బయల్దేరబోతుంటే నా చెయ్యి దానంతటదే బీరువా మీదున్న పాత బిస్కెట్ల డబ్బా మీదికి వెళ్ళింది. అందులో ఓ కాసెట్టుంది. నల్లది, తొంభై నిమిషాలది. కాగితం అంటించి ఉండాల్సిన చోట బ్లేడుతో గీకిన గరుకు తప్ప పేరూ ఊరూ ఏమీ లేదు. ఆ గీకింది నేనూ డేవిడూ. డేవిడ్ అంటే సువార్తక్క తమ్ముడు, ఒకప్పుడు నా జతగాడు. ఆ ఒకప్పటికీ ఇప్పటికీ మధ్య ముప్ఫై ఏళ్ళు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఎందుకంటే డేవిడ్ నన్ను మోసం చేశాడు. ఈ ఒక్క వాక్యం ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానో నాకే తెలీదు. నవ్విస్తూ చెప్పాను, తిడుతూ చెప్పాను, ఒక పెళ్ళిలో మైకు బాగుందో లేదో చూస్తూ మైకులో కూడా చెప్పాను.

మా ఇల్లు కొబ్బరిపీచు ఇల్లు. కాలవలో నానేసిన కొబ్బరి డొక్కలు తెచ్చి, కర్రతో బాది, పీచు తీసి, అమ్మా మామ్మా వసారాలో కూర్చుని తాళ్ళు పేనేవాళ్ళు. ఆ నానిన డొక్కల వాసన మా బట్టల్లో ఉండేది, తలగడల్లో ఉండేది, వానాకాలం వస్తే చారులో కూడా ఉన్నట్టుండేది. మామ్మ, అంటే మా నాన్నని కన్నావిడ, మాకు గడియారం. చుట్ట వెలిగించిందంటే పదయినట్టు, ఆర్పి చెవి వెనకాల దోపుకుందంటే ఎసరు పెట్టే వేళయినట్టు. కాలవ మీద చిన్న వంతెన దాటితే మాస్టారి ఇల్లు. ఆ ఇంట్లో వాసన వేరు. గంజి వాసన, ఇస్త్రీపెట్టెలో కొబ్బరిచిప్పల బొగ్గుల వాసన. మాస్టారు తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు. రోజూ సాయంత్రం, ప్రార్థనకి ముందు, నీళ్ళు చిలకరించి, కాలరు దగ్గర మొదలుపెట్టి, ఎవరో పరీక్ష పెడుతున్నట్టు చేసేవారు. ఆయన మా ఊరి చర్చిలో సంఘపెద్ద కూడా. ప్రార్థన అయ్యాక సువార్తక్క ఉత్తరం వచ్చి ఉంటే పైకి చదివేవారు. బైబిలు చదివిన గొంతుతోనే చదివేవారు కాబట్టి, అక్కడ చలి ఎక్కువగా ఉంది, మేజోళ్ళు కొనుక్కున్నాను అన్న మాట కూడా ఏదో ప్రవక్త చెప్పినట్టు వినిపించేది. మా వీధి మొత్తానికి ప్రెషరు కుక్కరున్న ఇల్లు అదొక్కటే. అక్క కువైటు నుంచి మొదటి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చారు. దాని మోత పెరటి వైపు నుంచి వినపడేదే గాని, అది ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మగవాళ్ళం వంటింటి గడప దాటే పని మాకేముంది?

నాకూ డేవిడ్‌కీ కలిపి ఓ మైకు సెట్టు ఉండేది. మూతపడ్డ టూరింగు టాకీసు నుంచి వచ్చిన ముసలి ఆంప్లిఫయరు, రెండు బాకాలు, ఒక టేపురికార్డరు. చేతిపని నాది, చెవిపని వాడిది. ఆంప్లిఫయరు గురక పెడితే నేను దాని వీపు మీద కొట్టేవాణ్ణి, వాడు చెవి ఆనించి, ఫలానా తీగ ఊడిందని చెప్పేవాడు. మాస్టారికి తెలిసినంతవరకూ డేవిడ్ సాయంత్రాలు అమలాపురంలో టైపింగు నేర్చుకుంటున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక స్నేహితుల ఇంట్లో చదువుకుంటున్నాడు. నిజానికి నాతో అమ్మవారి సంబరాలకి బాకాలు కడుతున్నాడు.

ఆ రోజుల్లో అక్క దగ్గర్నుంచి ఎవరో సెలవుకి వస్తున్నవాళ్ళ చేత ఓ పొట్లం వచ్చింది. మాస్టారికి స్వెట్టరు, డేవిడ్ వాళ్ళ అమ్మగారికి నొప్పుల మందు, అడుగున ఈ కాసెట్టు, దానితో ‘మీ ఇద్దరికే’ అని మడత పెట్టిన ఉత్తరం. ఇక్కడి కుర్రకారుకి ఈమధ్య పూనకం వచ్చిందిరా అని రాశారు అక్క. వాళ్ళ ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే లెరాయ్ అనే కుర్రాడు అక్క ఉన్న ఇంట్లోనే కింద గదిలో ఉండేవాడట. వాళ్ళ నాన్న జమైకా దీవి నుంచి వచ్చినాయన. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళని హోటళ్ళలోకీ డాన్సు హాళ్ళలోకీ రానివ్వని కాలంలో, బీరువాలంత బాక్సులు తామే చెక్కతో చేసుకుని, ఇళ్ళ కింద గదుల్లో మోగించుకున్నారట. వాళ్ళ పిల్లలు ఆ బాక్సులకి ఇప్పుడు యంత్రాల సంగీతం కలిపారు. ఆ యంత్రాల దరువు అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళు, ఎవరూ కొనక వదిలేసిన డ్రమ్ము పెట్టెల మీద పుట్టించారట. సెలవులకి ఏదో స్పెయిను దీవికి వెళ్ళిన ఇంగ్లీషు కుర్రాళ్ళు అది విని, తట్టుకోలేక ఊరికి పట్టుకొచ్చారట. ఇప్పుడు మూతపడ్డ గోదాముల్లో, ఊరవతల గొర్రెల మేత పొలాల్లో వేలమంది చేరి ఎగురుతున్నారు. ఎక్కడో చెప్పే కాగితం ఏ గోడ మీదా ఉండదు. ఒక ఫోను నెంబరు ఉంటుంది, దానికి చేస్తే ఫలానా రోడ్డు మీద ఫలానా చోట ఆగండని చెబుతుంది, అక్కడ ఆగితే ఇంకో చోటు చెబుతారు. పాటలు వెయ్యడానికి సర్కారు రేడియో ఒప్పుకోకపోతే, పద్నాలుగో అంతస్తు మీదికి ఎక్కి దొంగ ఏరియలు కట్టి సొంత రేడియో నడుపుతున్నారు. ఆ రేడియోలోంచి పట్టిందే ఈ టేపు.

ఆ ఉత్తరంలో మాకు మతిపోగొట్టిన ముక్క ఇంకోటుంది. జమైకా వాళ్ళ బాక్సుల జట్లకి ఒక పద్ధతి ఉందట. కొత్త రికార్డు దొరకగానే దాని మీది పేరు గీకేస్తారు. పక్క జట్టువాడు వచ్చి తొంగిచూసినా అది ఏ పాటో, ఎవరిదో తెలియకూడదు. ఆ పాట ఒక్క నీ బాక్సులోనే మోగాలి. అది విన్నాక మేము ఊరుకుంటామా? మాస్టారి గడ్డం బ్లేడు తెచ్చి ఆ సాయంత్రమే గీకేశాం. ఉత్తరం కింద లెరాయ్ నాన్న చేత్తో గీసిన బాక్సు బొమ్మ కూడా ఉంది. లోపల మోత అదుపులో ఉండడానికి గోడలకి ఉన్ని దట్టించాలని రాశారు. కోనసీమలో ఉన్ని ఎక్కడుంటుంది? మా అమ్మ పేనకుండా దాచిన మెత్తటి పీచు ఎత్తుకొచ్చి దట్టించాం. కొబ్బరిపీచు దట్టించిన బాక్సు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు గాని, రెండు గంటలు మోగేసరికి అది వేడెక్కి మా వసారా వాసన వేసేది.

మొదటిసారి ఆ టేపు మాస్టారింట్లో, ఆయన బడికెళ్ళినప్పుడు విన్నాం. గుండె కొట్టుకున్నట్టు ఒక దరువు, దాని మీద ఇంకో దరువు ఉరుకుతూ. నడుమ ఎవడో మనిషి తొందరగా ఏదో అరుస్తాడు. పదినిమిషాలయ్యాక దరువు ఒక్కసారి సన్నబడిపోతుంది, ఏదో ఈల. కాసేపటికి మళ్ళీ ఈల. మూడో ఈల పొడుగ్గా, ఊపిరి బిగబట్టేంతసేపు వస్తుంది, అది ఆగీ ఆగగానే దరువు నేల మీద పడుతుంది. మూడో ఈల వచ్చినప్పుడు పెరట్లో బట్టలుతుకుతున్న అమ్మగారు, "ఎవర్రా లోపల? ఆ స్టవ్వు కట్టెయ్యండి" అని కేకేశారు. నేనూ డేవిడూ నేల మీద పడి నవ్వాం. ఇంగ్లండు సంగీతం విని స్టవ్వు కట్టెయ్యమంటారేమిటని. అక్కడ ఎగిరేవాళ్ళు మెడలో ఈలలు కట్టుకొచ్చి ఊదుతారని అక్క రాశారు కదా, మాకు తెలుసు కదా అవేం ఈలలో. తర్వాత మా ఇంట్లో పెడితే మామ్మ చుట్ట ఆర్పి ముప్పావుగంట శ్రద్ధగా విని, "అంతా బానే ఉంది గాని, పాటెప్పుడు మొదలవుద్దిరా?" అంది.

పాట మొదలుకాకుండానే మా పేరు మోగిపోయింది. గరగలు, అంటే అమ్మవారి కుండలు, నెత్తికెత్తుకుని ఆడేవాళ్ళ అడుగుకీ ఆ టేపు దరువుకీ ఎక్కడో చుట్టరికం ఉందని కనిపెట్టింది డేవిడ్. మా పక్కూరి సంబరంలో, పట్టపగలు, గరగలు వీధి మలుపు తిరుగుతుండగా డప్పుల మీదికి మెల్లిగా టేపు వదిలాడు. డప్పువాళ్ళు ఒక్క క్షణం మొహాలు చూసుకుని, ఆనక అందుకున్నారు. మూడో ఈలకి వీధి వీధంతా ఊగింది. అప్పటినుంచి జనం ఈలల కోసం కాసుకుని ఉండేవాళ్ళు. మొదటి ఈలకి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసేవాళ్ళు, రెండోదానికి వంగేవాళ్ళు, మూడోదానికి లేచేవాళ్ళు. ముసలాళ్ళు కూడా. ఏ సినిమాలోదండీ అని అడిగితే డేవిడ్ గీకిన కాసెట్టు తీసి చూపించేవాడు. ఎంత గర్వంగా చూపించేవాడో. ఏమీ రాసిలేని దాన్ని అంత గర్వంగా చూపించినవాణ్ణి మళ్ళీ చూడలేదు.

తర్వాతి ఉత్తరాల్లో అక్క గొంతు మారింది. పొలాల దగ్గర పోలీసులు రోడ్లు కట్టేస్తున్నారట. కొందరు కుర్రాళ్ళు మాత్రలు మింగి, నీళ్ళు తాగడం మర్చిపోయి, ఎగిరి ఎగిరి పడిపోతే తమ వార్డుకే తెస్తున్నారట, ఇరవయ్యేళ్ళ పిల్లవాడి చొక్కా పిండితే బకెట్టు నిండిందని రాశారు. మీరు అలాంటివేం ముట్టుకోకండిరా అని రాశారు. మేం ముట్టుకున్నది గోళీసోడా. ఆఖరికి అక్కడ చట్టమే చేశారట. అదేపనిగా తిరిగి తిరిగి వచ్చే దరువు ఉన్న సంగీతం ఆరుబయట పెట్టి జనం చేరితే పోలీసులు వచ్చి ఆపెయ్యవచ్చని. అది చదివి, ఈ లెక్కన మన డప్పువాళ్ళందరూ పుట్టగానే జైల్లో ఉండాలిరా అన్నాను. డేవిడ్ నవ్వలేదు. కాగితం మడతపెట్టి, "అంత బాగుండబట్టే కదా భయపడ్డారు" అన్నాడు.

కొత్తపేట వైపు ఒక ఊళ్ళో సంబరం. రెండు వీధులవాళ్ళు పంతం పట్టి రెండు సెట్లు పిలిచారు. ఒకటి మాది, రెండోది కొత్తపేట సత్తిపండుది. సత్తిపండుది పెద్ద సెట్టే గాని అన్నీ సినిమా పాటలే. అది ఆదివారం. డేవిడ్ చర్చి అయ్యాక సైకిలు మీద వస్తానన్నాడు. నేను ముందే వెళ్ళి బాక్సులు కట్టి, మా టేపు జేబులో దాచి, గరగలు గుడి దగ్గరికి వచ్చేదాకా ఆగాలని కూర్చున్నాను. గరగలు ఇంకా చెరువు మలుపు దగ్గరుండగానే అవతలి వీధిలోంచి గుండె కొట్టుకున్నట్టు దరువు మొదలైంది. మా దరువు. జేబు తడుముకున్నాను, కాసెట్టు జేబులోనే ఉంది. సరే, అలాంటిదే ఇంకోటేదో అనుకుని నాకు నేను చెప్పుకుంటుండగా మొదటి ఈల వచ్చింది. తర్వాత రెండోది. మూడోది పొడుగ్గా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. జనం అటు పరిగెత్తారు. మా వీధివాళ్ళు కూడా. నేను పిచ్చివాడిలా మా టేపు పెట్టాను. పక్కనున్న పెద్దాయన ఒకాయన చాలా మర్యాదగా, "వాళ్ళ పాట మనమెందుకండీ, మనదేదైనా ఉంటే పెట్టండి" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ అన్నం తింటుంటే గుర్తొస్తుంది.

ఇంక ఆలోచించడానికి ఏముంది? దరువు ఇంగ్లండులో ఎవరైనా పట్టొచ్చు, ఆ మూడు ఈలలు అదే చోట, అదే పొడుగున మా టేపులో తప్ప ఇంకెక్కడుంటాయి? ముందు వారమే డేవిడ్ ఆ కాసెట్టు బిగుసుకుంటోందని, అమలాపురంలో విప్పించి సరిచేయిస్తానని పట్టుకెళ్ళి రెండు రోజులు ఉంచుకున్నాడు. అమలాపురం నుంచి కొత్తపేట ఎంత దూరమని. లెక్క సరిపోయింది. జీవితంలో మొదటిసారి నాకో లెక్క సరిపోయింది.

వాడు చర్చి తెల్లచొక్కాతోనే వచ్చాడు. కాలవగట్టు మీద సైకిలు దిగనివ్వకుండానే ఎవరికిచ్చేవురా అని అడిగాను. ఎవరికీ ఇవ్వలేదన్నాడు. మరి ఈలలెలా వచ్చేయన్నాను. అవతలి వీధిలో అప్పటికి అది రెండోసారి మోగుతోంది. వాడు తల పక్కకి వంచి, ఆంప్లిఫయరు జబ్బు వినేవాడిలా, మూడు ఈలలూ పూర్తిగా విన్నాడు. వాడి మొహం తెల్లబోయింది. "మనదేరా" అన్నాడు. దొంగ మొహం అలాగే ఉంటుందని అప్పుడు నాకనిపించింది. నేనన్న మాటలు ఇక్కడ రాయను, అందులో వాడి చర్చి గురించి కూడా ఉన్నాయి. వాడు ఒక్కటే అన్నాడు. "నేను ఇవ్వలేదని నీకు తెలియాలిరా. నేను చెబితే కాదు, నీకే తెలియాలి." సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగినా బాగుండును. సాయంత్రం నేను వంతెన దాటి మాస్టారింటికి వెళ్ళాను. ఆయన రేపటి బడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడి, డేవిడ్ టైపింగుకి వెళ్ళట్లేదండి, అమ్మవారి సంబరాలకి బాక్సులు మోస్తున్నాడండి, ఇవాళ కూడా చర్చి నుంచి అటే వచ్చేడండి అని చెప్పాను. మాస్టారు ఇస్త్రీపెట్టె ఎత్తలేదు. అది చొక్కా మీద అలాగే ఉంది.

"నువ్వూ మోస్తున్నావు కదా?"

"ఆయ్."

"ఇన్నాళ్ళూ చెప్పనివాడివి ఇవాళెందుకు చెబుతున్నావు?"

గుడ్డ మాడిన వాసన వచ్చింది. పీచు వాసన, గంజి వాసన అన్నీ మర్చిపోయినా ఆ వాసన మర్చిపోలేదు. నేను వెనక్కి తిరిగి వంతెన దాటేశాను. వారం తిరక్కుండా డేవిడ్‌ని విశాఖపట్నంలో వాళ్ళ మావయ్య దగ్గరికి పంపించేశారు. బ్యాంకులో గుమస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాడని, అమలాపురంలో ఇల్లు తీసుకున్నాడని వింటూ వచ్చాను. క్రిస్మస్‌కి ఊరొచ్చినప్పుడు వంతెన మీద ఎదురైతే ఇద్దరం కాలవలో నీళ్ళు ఎంతున్నాయో చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళం. నేను ఆ సెట్టునే పెంచి షామియానాలు, కుర్చీలు, లైటింగు దాకా వచ్చాను. మాస్టారు పోయినప్పుడు అడక్కుండానే షామియానా, కుర్చీలు పంపాను, నేను మాత్రం వెళ్ళలేదు. మోసపోయినవాణ్ణి కదా, నాకు మర్యాద ఉండదూ? పీచు బాక్సులు రెంటిలో ఒకటి చెదలు తినేసింది. రెండోదాంట్లో మా కోళ్ళు పొదిగేవి.

దిండిలో సువార్తక్క పడవ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, గొంతు మాత్రం ఉత్తరాల్లో గొంతే. మనవలు నీళ్ళలో చేతులాడిస్తున్నారు. అక్క ఫోను తీసి, మొన్న మా అమ్మాయి ఎగ్జిబిషనుకి తీసుకెళ్ళిందిరా, మీరిద్దరే గుర్తొచ్చేరు అంటూ బొమ్మలు చూపించారు. గాజుపెట్టెల్లో కాసెట్లు, చేత్తో చేసిన పెద్ద బాక్సులు, చినిగిన కాగితాలు. వాటి ముందు నెరిసిన జుట్లవాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. ఒకప్పుడు పొలాల్లోంచి పోలీసులు తరిమింది వీళ్ళనేనట. ఆ దరువు చట్టంతో చావలేదు, పెద్ద పెద్ద హాళ్ళలోకి, కంపెనీల చేతుల్లోకి వెళ్ళి టిక్కెట్టు కొనుక్కుని ఎగిరేదైపోయింది. లెరాయ్ వాళ్ళ నాన్న బాక్సు ఒకటి కూడా ఆ ఎగ్జిబిషనులో ఉందట, కింద పేరు తప్పు రాశారట. మా దగ్గర మాత్రం ఏం మిగిలిందని? ఇప్పుడు లారీ మీద గోడలా బాక్సులు పేర్చి వచ్చేవాణ్ణి డీజే అంటున్నారు, వినేవాడి గుండె అదరగొట్టడం తప్ప అడుగు సంగతి వాడికి పట్టదు. పేరు గీకే పనే లేదు, ఏ పాటైనా ఫోను దగ్గర పెడితే క్షణంలో పేరు చెప్పేస్తుంది. నేనూ ఓసారి ఈ టేపు దాని ముందు మోగించాను. అది చాలాసేపు తిరిగి, తెలియలేదంది. ఎంత సంతోషించానో.

అదంతా చెప్పి కాసెట్టు తీసి అక్క చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, పకపకా నవ్వారు.

"అయ్యో, ఇది రత్నం పప్పు టేపు కదూ!"

రత్నమెవరండి అన్నాను. కొత్తపేట అమ్మాయేనట, మస్కట్‌లో నర్సుగా చేసి ఇంగ్లండు వచ్చి, అక్కతోపాటు అదే ఇంట్లో ఉండేదట. లెరాయ్ రేడియో వంటింటి బల్ల మీద పెట్టుకుంటే, అక్క దానికి ఎదురుగా తన చిన్న టేపురికార్డరు పెట్టి రికార్డు చేశారు. సరిగ్గా అప్పుడే రత్నం కుక్కర్లో పప్పు పెట్టింది. ఆపవే అంటే ఆకలే అంది. మూడు విజిళ్ళూ టేపులో పడ్డాయి. పప్పు నాది కాబట్టి టేపులో సగం వాటా నాదేనని పోట్లాడి, లెరాయ్ చేత ఇంకో కాపీ తీయించుకుని వాళ్ళ తమ్ముడికి పంపించిందట.

"వాళ్ళకీ మైకు సెట్టుండేదిరా. సత్తిపండో ఏదో పేరు."

నాకు ముందు వినిపించింది పెరట్లోంచి అమ్మగారి కేక. ఆ టేపు మొదటిసారి విన్న రోజునే, ఒక్కసారి వినగానే అర్థం చేసుకున్న మనిషి ఆవిడొక్కరే. మేం నవ్వాం. సత్తిపండుకి అక్క ఉందని నాకు తెలుసు. మస్కట్‌లో ఉందని కూడా తెలుసు. అక్కణ్ణుంచి ఎటు వెళ్ళిందో సత్తిపండుని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. లెక్క సరిపోయింది కదా.

చివరికి, మీ ఇద్దరికే అని రాసేరు కదక్కా అన్నాను.

"రాసేను. ప్రతి ఉత్తరంలోనూ అలాగే రాస్తాం కదరా" అన్నారు అక్క, పూతరేకు తుంపుకుంటూ. "కువైటు నుంచి సబ్బులు పంపినప్పుడు మన వీధిలో పదిళ్ళకీ రాసేను, నీకొక్కదానికే పంపుతున్నాను, ఎవరికీ చెప్పకని. దూరంగా ఉన్నవాళ్ళం ఇంకేం రాస్తాం? ఎందుకురా, ఏమైంది?"

ఆవిడకి ఏమీ తెలీదు. డేవిడ్ నేనన్నది ఈ ముప్ఫై ఏళ్ళలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా నోటి గురించి ప్రపంచానికి తెలుసు, వాడి నోటి గురించి నాకు ఆ రోజు తెలిసింది. ఏం లేదక్కా అన్నాను. ఆవిడ గోదారి వైపు చూస్తూ మామూలుగానే చెప్పారు. "వాడు మళ్ళీ ఏ మైకు సెట్టుకీ చెవి ఆనించలేదురా. ఎంత బాగుండేది వాడి చెవి. లెరాయ్ వాళ్ళ నాన్నతో మాట్లాడి పెట్టేను కూడా, ఎలాగోలా అక్కడికి రప్పిద్దామని. ఇప్పుడు ఇంట్లో రేడియో పాడైతే షాపుకిస్తాడు."

ఆ వాక్యం మోసుకుంటూ మర్నాడు పొద్దున్నే అమలాపురం వెళ్ళాను. డేవిడ్ బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, "రండి, కూర్చోండి" అన్నాడు. మా వైపు మనిషి మర్యాదగా మాట్లాడితే సంతోషించాలి. ఆ ‘అండి’ రెండూ నాకు మాస్టారి ఇస్త్రీపెట్టెలా తగిలాయి. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి లోపలికెళ్ళారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన పద్ధతిలోనే, నవ్విస్తూ, రత్నంలా అభినయిస్తూ, కుక్కరులా ఈలేస్తూ చెప్పాను. డేవిడ్ తల పక్కకి వంచి వింటున్నాడు, మూడో ఈల దగ్గర మాత్రం వేలితో కప్పు అంచు మీద ఒక్క దరువు వేశాడు. నవ్వలేదు. ఆ తర్వాత నవ్వించలేని ముక్క కూడా చెప్పాను. మాస్టారి గుమ్మం దగ్గరికి వెళ్ళింది నేనేనని. తెలుసండి అన్నాడు. చొక్కా మాడిన రోజునే నాన్నగారు చెప్పేరండి అన్నాడు. జేబులోంచి కాసెట్టు తీసి బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని, గీకిన గరుకు మీద బొటనవేలు రాశాడు. నేను ఆగలేక, ఇప్పుడైనా మన మధ్య ఏమైనా మిగిలిందంటావా అని అడిగాను.

వాడు కాసెట్టు మళ్ళీ నా ముందు పెట్టి, ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఒరేయ్ వీరబాబూ, మూడు విజిళ్ళకి దింపాల్సినదాన్ని ముప్ఫై ఏళ్ళు పొయ్యి మీదుంచేవు. ఇప్పుడొచ్చి మూత తీసి, ఏమైనా మిగిలిందా అని నన్నడుగుతున్నావా?"